రిజర్వు బ్యాంకు బాండ్లు కొంటే తిరుపతి డిపాజిట్ వడ్డీ ఎందుకు కదులుతుంది?

క్లుప్తంగా: బాండ్లంటే ప్రభుత్వం అప్పు తీసుకుని రాసిచ్చే పత్రాలు. కేంద్ర బ్యాంకు (మన దేశంలో రిజర్వు బ్యాంకు) వాటిని కొనడమంటే నోట్లు అచ్చేసి జనానికి పంచడం కాదు. బ్యాంకుల దగ్గరున్న బాండ్లు తీసుకుని, వాటి విలువకు సరిపడా సొమ్మును ఆ బ్యాంకుల ఖాతాల్లో వేయడం. దీనివల్ల బాండ్ల ధర పెరిగి వడ్డీ రేట్లు దిగుతాయి. అప్పు ఉన్నవాళ్లకు, స్థలాలూ బంగారమూ ఉన్నవాళ్లకు ఇది కలిసొస్తుంది. నెలనెలా వడ్డీ మీద ఇల్లు నడిపేవాళ్లకు భారమవుతుంది. అమెరికాలో జరిగే కొనుగోళ్లు, అవి ఆగిపోవడం కూడా రూపాయి, బంగారం ధరల ద్వారా చిత్తూరు దాకా వస్తాయి.

2025 డిసెంబర్ 5న రిజర్వు బ్యాంకు తన పరపతి విధానంలో రెండు నిర్ణయాలు ఒకేసారి ప్రకటించింది. బ్యాంకులకు తాను ఇచ్చే స్వల్పకాల అప్పు మీద తీసుకునే వడ్డీని, అంటే రెపో రేటును, పావు శాతం తగ్గించి 5.25 శాతానికి తెచ్చింది. ఆ నెలలోనే లక్ష కోట్ల రూపాయల ప్రభుత్వ బాండ్లు కొంటామని కూడా చెప్పింది. మొదటి నిర్ణయం చాలామందికి తెలిసిన విషయమే: ఇంటి లోను కంతు తగ్గుతుంది, డిపాజిట్ మీద వడ్డీ కూడా తగ్గుతుంది. అర్థం కానిది రెండోది. ఆ లక్ష కోట్లు ఎక్కడి నుంచి వచ్చాయి, ఎవరికి చేరతాయి, వాటివల్ల సరుకుల ధరలు పెరుగుతాయా అన్న అనుమానాలు సహజం.

ఈ అనుమానాలకు తిరుపతిలో బరువు కొంచెం ఎక్కువే. దేవస్థానంలో, యూనివర్సిటీలో, రైల్వేలో పనిచేసి రిటైరై, వచ్చిన డబ్బును ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టుకున్న కుటుంబాలు ఈ ఊళ్లో చాలా ఉన్నాయి. తిరుమల తిరుపతి దేవస్థానం కూడా దేశంలోని పెద్ద డిపాజిటర్లలో ఒకటి. 2022 నవంబర్‌లో విడుదల చేసిన శ్వేతపత్రం ప్రకారం అప్పటికి బ్యాంకుల్లో ఉన్న టీటీడీ డిపాజిట్లు 15,938 కోట్ల రూపాయలు, బంగారం 10 టన్నులకు పైగా. వడ్డీ రేటు అర శాతం అటూ ఇటూ అయినా ఇంత మొత్తం మీద ఏడాదికి దాదాపు 80 కోట్ల తేడా వస్తుంది.

నోటు వేరు, బ్యాంకు నిల్వ వేరు

తిరుమల హుండీ కానుకలు లెక్కించే పరకామణిలో రోజూ లెక్కతేలే నోట్లు, నాణేలు మనందరికీ తెలిసిన డబ్బు. మనకు కనిపించని డబ్బు ఇంకొకటి ఉంది. ప్రతి బ్యాంకుకూ రిజర్వు బ్యాంకులో ఒక ఖాతా ఉంటుంది. బ్యాంకులు తమలో తాము లెక్కలు తీర్చుకునేది ఆ ఖాతాల్లోని నిల్వలతోనే. అలిపిరి దగ్గర ఒక యాత్రికుడు ఫోన్‌తో టీ డబ్బులు కట్టినా, ఆ రోజు చివరికి అతని బ్యాంకుకూ కొట్టువాడి బ్యాంకుకూ మధ్య లెక్క సరిపోయేది అక్కడే.

రిజర్వు బ్యాంకు ఒక బ్యాంకు నుంచి 100 కోట్ల బాండు కొన్నప్పుడు సొమ్ము చేరేది ఈ కనిపించని ఖాతాలోకే. బ్యాంకు ఆస్తుల పట్టికలో 100 కోట్ల బాండు పోయి, దాని చోట 100 కోట్ల నిల్వ వచ్చి కూర్చుంటుంది. బ్యాంకు ధనికం కాలేదు. దాని ఆస్తి రూపం మారిందంతే. బాండు పదేళ్లకు గానీ పూర్తిగా నగదు కాదు, నిల్వ మాత్రం ఈ క్షణం వాడుకోవచ్చు. ఆ నిల్వను రిజర్వు బ్యాంకు తన పద్దులో ఒక అంకె రాసి సృష్టిస్తుంది కాబట్టి అది కొత్త డబ్బే. అయితే అది బ్యాంకుల మధ్య తిరిగే డబ్బు. బజారులోకి రావాలంటే ఎవరో ఒకరు బ్యాంకుకు వెళ్లి అప్పు తీసుకోవాలి, ఆ అప్పు ఇవ్వడానికి బ్యాంకుకు ధైర్యం ఉండాలి.

చట్టం పెట్టిన హద్దు కూడా ఒకటుంది. ప్రభుత్వం కొత్తగా జారీ చేసే బాండ్లను రిజర్వు బ్యాంకు నేరుగా కొనడాన్ని ద్రవ్య బాధ్యత, బడ్జెట్ నిర్వహణ చట్టం 2006 ఏప్రిల్ నుంచి నిషేధించింది. అప్పటికే బ్యాంకుల, సంస్థల చేతుల్లో ఉన్న బాండ్లనే అది మార్కెట్లో కొనాలి. 1997కు ముందు కేంద్రం తన లోటు పూడ్చుకోవడానికి అడ్‌హాక్ ట్రెజరీ బిల్లులు రాసిచ్చి రిజర్వు బ్యాంకు నుంచి నేరుగా డబ్బు తీసుకునేది. ఆ పద్ధతికి, ఇప్పటి కొనుగోళ్లకు మధ్య ఉన్న గీత ఇదే. చూడటానికి చిన్న గీతే గానీ, దాని విలువ చాలా పెద్దది. ప్రభుత్వం ఎంత అప్పు చేయాలన్నా ముందు మార్కెట్‌ను ఒప్పించాలి, మార్కెట్ అడిగిన వడ్డీ ఇవ్వాలి.

ధర పెరిగితే రాబడి తగ్గుతుంది

ఏడాదికి 7 రూపాయల వడ్డీ ఇచ్చే 100 రూపాయల బాండు ఒకటి ఉందనుకుందాం. లక్ష కోట్ల సంచితో రిజర్వు బ్యాంకు మార్కెట్లోకి దిగితే గిరాకీ పెరిగి బాండు ధర 105 అవుతుంది. ఆ ధరకు కొన్నవాడికి కూడా వచ్చేది ఆ 7 రూపాయలే. అంటే 6.67 శాతం. గడువు తీరాక తిరిగి వచ్చేది 100 రూపాయలే కాబట్టి అసలు రాబడి ఇంకా తక్కువ. వడ్డీ రేట్లు ఆఫీసు ఉత్తర్వుతోనే తగ్గవు, బేరంలో కూడా తగ్గుతాయి.

ఇక్కడి నుంచి ప్రభావం పాకుతుంది. ప్రభుత్వ బాండు మీద రాబడి తగ్గినప్పుడు బీమా కంపెనీలు, ఫండ్లు కొంచెం ఎక్కువ వచ్చే కంపెనీ బాండ్ల వైపు, షేర్ల వైపు జరుగుతాయి. అక్కడా ధరలు పెరుగుతాయి, కంపెనీలకు అప్పు చవకవుతుంది. రాష్ట్రాల అప్పులకూ కొలబద్ద పదేళ్ల కేంద్ర బాండే. సాధారణంగా మంగళవారాల్లో జరిగే రాష్ట్ర బాండ్ల వేలంలో ఆంధ్రప్రదేశ్ ఎంత వడ్డీకి అప్పు తెచ్చుకుంటుందన్నది ఆ బాండు రాబడికి ఎంత కలపాలన్న దాని మీద తేలుతుంది. 2020 అక్టోబర్‌లో రిజర్వు బ్యాంకు మొదటిసారిగా రాష్ట్రాల బాండ్లను కూడా బహిరంగ మార్కెట్లో కొన్నది.

కొనుగోలు కంటే ప్రకటనే ఎక్కువ పని చేసిన సందర్భాలు ఉన్నాయి. 2009 మార్చి 18న అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వు (ఫెడ్) 300 బిలియన్ డాలర్ల దీర్ఘకాల ప్రభుత్వ బాండ్లు కొంటామని ప్రకటించింది. ఒక్క బాండు కూడా కొనకముందే, అదే రోజు, పదేళ్ల బాండు రాబడి దాదాపు అర శాతం పడింది. కేంద్ర బ్యాంకు ఇంత కొంటానన్నదంటే వడ్డీ రేట్లు చాలాకాలం తక్కువగానే ఉంచుతుందని మార్కెట్ అర్థం చేసుకుంటుంది. ఆ నమ్మకమే సగం పని చేసిపెడుతుంది.

సున్నా దగ్గర మొదలైన కథ

పెద్ద ఎత్తున బాండ్లు కొనే ఆలోచన మొదట జపాన్‌లో అమలైంది. వడ్డీ రేట్లు సున్నాకు చేరినా ధరలు పడిపోతూనే ఉండటంతో 2001 మార్చిలో బ్యాంక్ ఆఫ్ జపాన్ ఈ దారి పట్టింది. 2008 సెప్టెంబర్‌లో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద పెట్టుబడి బ్యాంకు కూలాక అమెరికా కూడా అక్కడికే వచ్చింది. ఆ నవంబర్‌లో మొదలైన ఫెడ్ కొనుగోళ్లు మూడు విడతలుగా 2014 అక్టోబర్ దాకా సాగాయి. సంక్షోభానికి ముందు 900 బిలియన్ డాలర్ల దగ్గర ఉన్న ఫెడ్ ఆస్తుల పట్టిక నాలుగున్నర ట్రిలియన్లకు చేరింది. కోవిడ్ తర్వాత 2022లో దాదాపు 9 ట్రిలియన్లయింది. బ్రిటన్ కొనుగోళ్లు చివరికి 895 బిలియన్ పౌండ్లకు చేరాయి. యూరో దేశాల కేంద్ర బ్యాంకు 2015 మార్చిలో నెలకు 60 బిలియన్ యూరోలతో ప్రారంభించింది.

అన్నిచోట్లా కారణం ఒకటే. స్వల్పకాల వడ్డీని సున్నా కంటే కిందికి పెద్దగా దించలేరు. దీర్ఘకాల వడ్డీ ఇంకా పైనే ఉంది. ఇల్లు కొనేవాడు, ఫ్యాక్టరీ పెట్టేవాడు అప్పు చేసేది ఆ దీర్ఘకాల వడ్డీ మీదే. దాన్ని దించడానికి మిగిలిన దారి, దీర్ఘకాల బాండ్లను కొనేయడమే.

అప్పుడు పెరగని ధరలు 2021లో ఎందుకు పెరిగాయి?

ఈ విషయంలో అతి పెద్ద గందరగోళం ఇక్కడే. 2008 తర్వాత ఫెడ్ ట్రిలియన్ల కొద్దీ డాలర్లు సృష్టించినప్పుడు ధరలు మండిపోతాయని ఎంతోమంది హెచ్చరించారు. మండలేదు. చాలా ఏళ్లపాటు అమెరికా ద్రవ్యోల్బణం ఫెడ్ పెట్టుకున్న 2 శాతం లక్ష్యానికి కిందే ఉండిపోయింది. ఆ అనుభవం చూసి, ఎంత కొన్నా ఏమీ కాదన్న ధీమా వచ్చింది. 2022 జూన్‌కు అక్కడ ద్రవ్యోల్బణం 9.1 శాతానికి, నలభై ఏళ్ల గరిష్ఠానికి వెళ్లింది. అదే పని రెండుసార్లు చేస్తే రెండు ఫలితాలు ఎలా వచ్చాయి?

మొదటిసారి డబ్బు బ్యాంకుల నిల్వల్లోనే ఆగిపోయింది. ఇళ్ల అప్పుల్లో దెబ్బతిన్న బ్యాంకులు కొత్తగా అప్పులు ఇవ్వడానికి భయపడ్డాయి. జనం కొత్త అప్పు చేయడం మానేసి పాతవి తీర్చుకున్నారు. పైగా 2008 అక్టోబర్ నుంచి ఫెడ్ బ్యాంకుల నిల్వల మీద వడ్డీ కూడా ఇవ్వసాగింది. ఊరి చెరువు నిండినా తూము ఎత్తకపోతే పొలానికి నీళ్లు రావు. అప్పుడు జరిగింది అదే.

రెండోసారి తూము ఎత్తింది ప్రభుత్వం. 2020, 2021 సంవత్సరాల్లో అమెరికా ప్రభుత్వం అర్హులైన పెద్దలకు ఒక్కొక్కరికి 1,200, ఆపై 600, ఆపై 1,400 డాలర్ల చెక్కులు ఇచ్చింది. నిరుద్యోగ భృతి పెంచింది. దీనికి చేసిన అప్పు తాలూకు బాండ్లలో పెద్ద వాటా ఫెడ్ మార్కెట్ నుంచి కొనుక్కుంది. అలా డబ్బు బ్యాంకుల దగ్గర ఆగకుండా నేరుగా కుటుంబాల ఖాతాల్లోకి వెళ్లింది. అదే సమయంలో కోవిడ్ వల్ల ఓడరేవులు స్తంభించి సరుకు తగ్గింది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం చమురు, గోధుమల ధరలు పెంచింది. ఇందులో బాండ్ల కొనుగోలు వాటా ఎంత అన్నది ఆర్థికవేత్తలు ఇంకా వాదించుకుంటున్న విషయమే. అయితే ఒకటి తేటతెల్లమైంది. కొనుగోలు పరిమాణం ఒక్కటే చూసి ధరల గురించి జోస్యం చెప్పలేం. ఆ డబ్బు ఎవరి చేతికి చేరుతోంది, అదే సమయంలో సరుకు దొరుకుతోందా అన్నవి చూడాలి.

మన దగ్గర కారణం వేరు

భారత్‌లో వడ్డీ రేటు ఎన్నడూ సున్నాకు రాలేదు. కోవిడ్ కాలంలో కూడా రెపో రేటు 4 శాతం దగ్గర ఆగింది. అయినా 2020-21లో రిజర్వు బ్యాంకు నికరంగా 3 లక్షల కోట్ల రూపాయలకు పైగా బాండ్లు కొన్నది. 2021 ఏప్రిల్‌లో జీ-శాప్ అనే పేరుతో ముందే పరిమాణం ప్రకటించి కొనడం మొదలుపెట్టింది. మొదటి మూడు నెలలకు లక్ష కోట్లు, తర్వాతి మూడు నెలలకు 1.2 లక్షల కోట్లు. ప్రభుత్వం భారీగా అప్పు చేస్తున్న సమయంలో వడ్డీలు ఎగిరిపోకుండా కాపాడటం అప్పటి ఉద్దేశం. అక్టోబర్‌లో దాన్ని ఆపేశారు.

2025 నాటి కొనుగోళ్ల వెనక ఉన్న కారణం ఇంకోటి, ఇది తెలియకపోతే వార్త తప్పుగా అర్థమవుతుంది. రూపాయి పతనం మరీ వేగంగా జరగకుండా రిజర్వు బ్యాంకు తన దగ్గరున్న డాలర్లు అమ్ముతుంది. డాలరు అమ్మిన ప్రతిసారీ బ్యాంకుల నుంచి రూపాయలు రిజర్వు బ్యాంకులోకి వెనక్కి వచ్చేస్తాయి. అంటే రూపాయిని ఆదుకునే పని బ్యాంకుల నిల్వలను ఎండగడుతుంది. నిల్వలు ఎండితే బ్యాంకులు ఒకదాని నుంచి ఒకటి తెచ్చుకునే అప్పు ఖరీదవుతుంది, రెపో తగ్గించినా ఫలితం కిందికి రాదు. 2025 డిసెంబర్ మొదటి వారంలోనే డాలరు మారకం 90 రూపాయలు దాటింది. ఆ వారమే లక్ష కోట్ల కొనుగోలు ప్రకటన రావడానికి ఈ లెక్కతో సంబంధం ఉంది. కాబట్టి ఆ లక్ష కోట్లలో చాలాభాగం పోయినదాన్ని పూడ్చడానికే తప్ప, ఉన్నదాని మీద కుమ్మరించడానికి కాదు. అమెరికా చేసినదానితో దీన్ని ఒకే గాటన కట్టడం సరికాదు.

డిపాజిట్ వైపు, అప్పు వైపు

2019 అక్టోబర్ 1 నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ రేటు ఇంటి లోన్లను రెపో లాంటి బయటి కొలబద్దకు ముడిపెట్టాలి. కాబట్టి రెపో తగ్గిన కొద్ది నెలల్లోనే లోను వడ్డీ కూడా తగ్గుతుంది. తిరుచానూరు రోడ్డులోనో కరకంబాడి రోడ్డులోనో ఫ్లాట్ కొనడానికి ఇరవై ఏళ్లకు 40 లక్షల అప్పు చేసిన కుటుంబాన్ని తీసుకుంటే, 8.5 శాతం వడ్డీకి నెల కంతు దాదాపు 34,700 రూపాయలు. వడ్డీ 7 శాతానికి దిగితే అది 31,000 చిల్లర. నెలకు 3,700 మిగులుతుంది.

అదే అపార్ట్‌మెంట్‌లో కింది అంతస్తులో ఉండే రిటైర్డ్ టీచరు సంగతి చూద్దాం. ఆమెకు 20 లక్షల డిపాజిట్ ఉందనుకుంటే, 7 శాతానికి ఏడాదికి లక్షా 40 వేలు వస్తుంది. ఐదున్నర శాతానికి లక్షా 10 వేలు. నెలకు 2,500 తక్కువ. మందుల షాపు బిల్లు మాత్రం తగ్గదు. పై అంతస్తు కుటుంబం మిగుల్చుకున్న డబ్బు నేరుగా ఈమె జేబులోంచి తీసింది కాదు గానీ, రెండు మార్పులకూ మూలం ఒకటే. వడ్డీ తగ్గితే ఆర్థిక వ్యవస్థకు మంచిదని చెప్పే వ్యాఖ్యానాల్లో ఆమె ప్రస్తావన చాలా అరుదుగా వస్తుంది. అది న్యాయం కాదు.

2020 ఏప్రిల్‌లో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ వడ్డీని ఒక్క దెబ్బకు 8.6 నుంచి 7.4 శాతానికి తగ్గించారు. 2023 ఏప్రిల్‌లో అది 8.2కు చేరింది, గరిష్ఠ పెట్టుబడి కూడా 15 లక్షల నుంచి 30 లక్షలకు పెరిగింది. ఈ పథకాల వడ్డీ సూత్రప్రాయంగా ప్రభుత్వ బాండ్ల రాబడికి ముడిపడినదే. అంటే రిజర్వు బ్యాంకు బాండ్లు కొని రాబడి దించితే దాని నీడ పోస్టాఫీసు మీద కూడా పడుతుంది. అయితే ప్రభుత్వం ఆ సూత్రాన్ని ప్రతిసారీ పాటించదు. సూత్రం తగ్గించమన్నా రేటు అలాగే ఉంచిన త్రైమాసికాలు ఎన్నో ఉన్నాయి. బ్యాంకు డిపాజిట్‌కు అలాంటి రక్షణ లేదు.

టీటీడీ బడ్జెట్లలో ఈ కదలిక పెద్ద అంకెల్లో కనిపిస్తుంది. 2022-23 అంచనాల్లో డిపాజిట్ల మీద వడ్డీ ఆదాయం 668 కోట్లు. 2023-24లో 990 కోట్లు. 2024-25లో 1,167 కోట్లు. 5,258 కోట్ల 2025-26 బడ్జెట్‌లో 1,310 కోట్లు. ఆ బడ్జెట్‌లో హుండీ కానుకల అంచనా 1,729 కోట్లు కాబట్టి, హుండీ తర్వాత అతి పెద్ద ఆదాయం వడ్డీయే. ఈ పెరుగుదల అంతా వడ్డీ రేట్ల వల్లే రాలేదు, కోవిడ్ తర్వాత డిపాజిట్లు కూడా పెరిగాయి. కానీ 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య రెపో రేటు 4 నుంచి 6.5 శాతానికి పెరగడం అందులో చిన్న విషయం కాదు. అన్నప్రసాదం, ఆసుపత్రులు, విద్యాసంస్థల ఖర్చు ఈ ఆదాయం మీద కూడా ఆధారపడి ఉంటుంది. కొండ మీద వడ్డించే భోజనానికీ ముంబైలో జరిగే బాండ్ల బేరానికీ సంబంధం ఉందంటే వింతగా అనిపించవచ్చు గానీ, ఉంది.

రెపో తగ్గింపు వల్ల ఎంత, బాండ్ల కొనుగోలు వల్ల ఎంత అని ఈ ప్రభావాన్ని కచ్చితంగా విడగొట్టడం కష్టం. రెండూ కలిసే వస్తాయి. మోటుగా చెప్పాలంటే, రెపో ఒక్క రోజు అప్పు ధరను మారుస్తుంది, కొనుగోలు పదేళ్ల అప్పు ధరను మారుస్తుంది.

బంగారం ఎందుకు ఎగిసింది

బంగారానికి వడ్డీ రాదు. బాండు మీద, డిపాజిట్ మీద వడ్డీ బాగా వస్తున్నప్పుడు బంగారం పట్టుకుని కూర్చోవడం వల్ల ఆ వడ్డీ నష్టపోయినట్టే. వడ్డీ పడిపోతే ఆ నష్టమూ తగ్గుతుంది, బంగారం ఆకర్షణ పెరుగుతుంది. 2008 చివర్లో ఔన్సు 700 డాలర్ల ప్రాంతంలో ఉన్న ధర ఫెడ్ కొనుగోళ్ల మధ్య 2011 సెప్టెంబర్‌కు 1,900 డాలర్లకు వెళ్లింది. కొనుగోళ్లు తగ్గిస్తారన్న మాట వచ్చిన 2013లో కూలింది. 2020 ఆగస్టులో మొదటిసారి 2,000 దాటింది.

ఆ తర్వాత ఈ సూత్రం తప్పింది. 2022 నుంచి ఫెడ్ వడ్డీలు పెంచి, తన బాండ్లను తగ్గించుకుంటూ వచ్చినా బంగారం ఎక్కువకాలం పడి ఉండలేదు. 2025 అక్టోబర్‌లో 4,000 డాలర్లు దాటింది. ఉక్రెయిన్ యుద్ధం తర్వాత రష్యా విదేశీ నిల్వలను పాశ్చాత్య దేశాలు స్తంభింపజేయడంతో, చాలా దేశాల కేంద్ర బ్యాంకులు డాలర్ బాండ్లకు బదులు బంగారం కూడబెట్టసాగాయి. 2022, 2023, 2024లలో ఏటా వెయ్యి టన్నులకు పైగా కొన్నాయి. ఇవీ కేంద్ర బ్యాంకుల ఆస్తి కొనుగోళ్లే, కొన్న వస్తువు వేరు. పెళ్లి పెట్టుకుని గాంధీ రోడ్డులో నగల దుకాణం మెట్లెక్కే కుటుంబానికి ఆ తేడాతో పని లేదు, బిల్లు చూసి టెన్షన్ పడటం తప్ప. పైగా మన ధరలో డాలరు మారకం, దిగుమతి సుంకం కూడా కలుస్తాయి. బయట ధర నిలకడగా ఉన్నా రూపాయి పడితే ఇక్కడ పెరుగుతుంది.

2013 వేసవి, తోతాపురి గుజ్జు

వేరే దేశపు కొనుగోళ్లు ఇక్కడికి ఎలా వస్తాయో 2013 చూపించింది. ఆ ఏడాది మే 22న ఫెడ్ ఛైర్మన్ బెన్ బెర్నాంకే, నెలకు 85 బిలియన్ డాలర్ల కొనుగోళ్లను రానున్న సమావేశాల్లో తగ్గించే అవకాశం ఉందని అమెరికా కాంగ్రెస్ కమిటీకి చెప్పారు. తగ్గించలేదు, తగ్గించవచ్చు అన్నారంతే. అక్కడ చవకగా అప్పు తెచ్చి ఇక్కడ ఎక్కువ రాబడికి పెట్టిన డబ్బు వెనక్కి బయల్దేరింది. మేలో 55 రూపాయల దగ్గర ఉన్న డాలరు ఆగస్టు 28కి 68 దాటింది. బంగారం దిగుమతి సుంకాన్ని ఆ ఏడాదే అంచెలంచెలుగా 10 శాతానికి పెంచారు. సెప్టెంబర్ 4న గవర్నర్ బాధ్యతలు తీసుకున్న రఘురామ్ రాజన్, ప్రవాసుల డాలర్ డిపాజిట్లకు ప్రత్యేక మారకపు సదుపాయం ఇచ్చాక పరిస్థితి కుదుటపడింది.

రూపాయి పడితే అందరికీ నష్టమే అనుకోవడం కూడా పొరపాటు. చిత్తూరు చుట్టుపక్కల ఫ్యాక్టరీలు తోతాపురి గుజ్జు తీసి గల్ఫ్‌కు, యూరప్‌కు పంపుతాయి. ధర డాలర్లలో కుదిరితే ప్రతి డాలరుకూ ఎక్కువ రూపాయలు వస్తాయి. మరోవైపు, బ్యాటరీల్లో వాడే సీసం ధర లండన్ మార్కెట్లో డాలర్లలో తేలుతుంది కాబట్టి బ్యాటరీ తయారీకి ఖర్చు పెరుగుతుంది. విడిభాగాలు దిగుమతి చేసుకునే శ్రీసిటీ ఫ్యాక్టరీలదీ అదే లెక్క. అమెరికాలో ఎం.ఎస్. చదివే పిల్లలకు ఫీజు కట్టే తిరుపతి తల్లిదండ్రులకు ఇది నేరుగా తగిలే దెబ్బ.

ఎగుమతిదారుకు కలిసొచ్చింది రైతు దాకా వస్తుందన్న భరోసా లేదు. 2025 సీజన్‌లో రూపాయి బలహీనంగానే ఉన్నా, ఫ్యాక్టరీల్లో పాత గుజ్జు నిల్వలు పేరుకుపోయి తోతాపురి ధర కుప్పకూలింది. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు చొప్పున 12 ఇవ్వాలని నిర్ణయించాల్సి వచ్చింది. మారకపు రేటు ఇచ్చిన లాభాన్ని గోడౌన్లలో నిలిచిన డ్రమ్ములు మింగేశాయి.

వెనక్కి తగ్గడంలో ఉన్న ఖర్చు

కొనడం సులువు. కొన్నవి వదిలించుకోవడం కష్టం. కొనేటప్పుడు రాబడి 1.5 శాతం ఉన్న బాండు, వడ్డీలు 4 శాతానికి పెరిగాక చాలా తక్కువకు పోతుంది. 2023 మార్చిలో అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు మూతపడటానికి ఇదొక ముఖ్య కారణం. డిపాజిటర్లు డబ్బు అడిగినప్పుడు, చౌక వడ్డీ కాలంలో కొన్న బాండ్లను నష్టానికి అమ్మాల్సి వచ్చింది.

కేంద్ర బ్యాంకులూ దీనికి అతీతం కాదు. ఫెడ్ తన పాత బాండ్ల మీద తక్కువ వడ్డీ అందుకుంటూ, బ్యాంకుల నిల్వల మీద 5 శాతానికి పైగా చెల్లించాల్సి వచ్చింది. 2022 సెప్టెంబర్ నుంచి పేరుకున్న నష్టం 200 బిలియన్ డాలర్లు దాటింది. బ్రిటన్‌లో అలాంటి నష్టాన్ని ప్రభుత్వ ఖజానాయే భరిస్తుంది.

మన రిజర్వు బ్యాంకు పరిస్థితి ఇందుకు భిన్నం. 2023-24కు 2.1 లక్షల కోట్లు, 2024-25కు 2.69 లక్షల కోట్లు మిగులుగా కేంద్రానికి ఇచ్చింది. డాలర్ల అమ్మకాల్లో వచ్చిన లాభం, విదేశీ బాండ్ల మీద పెరిగిన వడ్డీ, దేశీయ బాండ్ల మీద వచ్చే వడ్డీ కలిసి ఇంత అయింది. అమెరికా వడ్డీలు పెంచితే ఫెడ్‌కు నష్టం వచ్చింది, ఆ దేశపు బాండ్లు దాచుకున్న రిజర్వు బ్యాంకుకు ఆదాయం పెరిగింది.

పాత డిపాజిట్ల గడువు

తిరుపతిలో చాలామంది డిపాజిటర్లకు ఈ మార్పు 2025 చివరికి ఇంకా పూర్తిగా తగల్లేదు. 2023, 2024లో 7 శాతం పైచిలుకు వడ్డీకి రెండు మూడేళ్లకు కట్టిన డిపాజిట్లు గడువు తీరేదాకా పాత రేటుతోనే నడుస్తాయి. 2025లో రెపో 6.5 నుంచి 5.25 శాతానికి దిగినా, ఆ రసీదు మీద రాసిన అంకె మారదు. అప్పు వైపు కంతు కొద్ది నెలల్లో తగ్గితే, డిపాజిట్ వైపు తగ్గుదల ఒక్కో రసీదుకు ఒక్కో తేదీన వస్తుంది. ఈ మధ్యకాలంలో బ్యాంకులు తమ లాభం తగ్గించుకుని నెగ్గుకొస్తాయి. రిజర్వు బ్యాంకు 2025లో తీసుకున్న నిర్ణయాలు ఆ రిటైర్డ్ టీచరు ఇంటి బడ్జెట్‌లో కనిపించేది, ఆమె డిపాజిట్ గడువు తీరి, రెన్యువల్ కోసం బ్యాంకు కౌంటరు దగ్గర కొత్త రేటు అడిగిన రోజున.